సున్నం కింది పేరు

ఆ ఎండాకాలం మా తమ్ముడు శ్రీను నా బ్రష్షులన్నీ కిరోసిన్‌లో కడిగి, గుడ్డతో తుడిచి, డబ్బాలో నిలబెట్టి మరీ బయలుదేరాడు. అది చూసే నాకు ఒళ్లు మండింది. నాలుగు రోజుల్లో తిరిగొచ్చేవాడు బ్రష్షులు అంత శుభ్రంగా కడగడు.

మేమిద్దరం గోడల మీద అక్షరాలు రాసేవాళ్లం. గీత నాది, రంగు నింపడం వాడిది. చాక్‌పీసుతో నేను అంచు గీసి ముందుకు పోతుంటే వెనకనుంచి వాడు నింపుకుంటూ వచ్చేవాడు. గీత దాటి చుక్క రంగు బయటికి రానిచ్చేవాడు కాదు. వచ్చిందా, నా నోట్లోంచి వచ్చే తిట్లు ఊరవతలికి వినిపించేవి. ఫ్లెక్సీలు వచ్చి మా నోట్లో మట్టి కొట్టాయి. పెళ్లికీ ఫ్లెక్సీయే, చావుకీ ఫ్లెక్సీయే. మిషన్‌లోంచి బర్రున బయటికొస్తుంది, కట్టేస్తారు. దాన్ని తిట్టుకుంటూనే నేను ముసలివాణ్ణయ్యాను.

బ్యాగు భుజాన వేసుకుని వాడు బస్ డిపోకు బయలుదేరుతుంటే గుమ్మంలో ఆపాను.

"ఎటురా?"

"బోరు బండి మీద పని అన్నా. మహారాష్ట్ర దిక్కు. తిండి వాళ్లే పెడ్తరట, ఉండుడు గూడ వాళ్ల దగ్గర్నే."

"ఎవడు చెప్పిండు నీకు?"

వాడు నవ్వి మా ఇంటి గోడ వైపు చెయ్యి చూపించాడు. "నువ్వే రాసినవ్ గదా అన్నా!"

గోడ మీద నీలం రంగు ఇంగ్లిషు అక్షరాలు, పక్కన పసుపు నీడ. ఖేడ్ కూలీ డాట్ ఇన్. నేను గీసిందే, వాడు నింపిందే. వాడి పెళ్లాం ఉమారాణి రొట్టెల మూట తెచ్చి బ్యాగులో కుక్కింది. మా ఆవిడ మణెమ్మ ఉల్లిగడ్డలు పెట్టింది. వాడు వెళ్లిపోయాడు.

ఆ ఇంటర్నెట్ పేరు పెట్టింది స్తెఫను. డిపో గేటు పక్కన ఇంటర్నెట్ దుకాణం నడిపిన పిల్లవాడు. కంగ్టి, సిర్గాపూర్ నుంచి పనికి పోయేవాళ్లందరూ వాడి దుకాణం ముందే బస్సెక్కేవాళ్లు, వాడి ముందే ఏడుస్తూ దిగేవాళ్లు. మేస్త్రి కూలి ఎగ్గొట్టాడని ఒకడు, అడిగితే కొట్టాడని ఒకడు. విని విని వాడు కూలీల సంఘంతో కలిసి ఒక పేజీ తయారుచేశాడు. మంచి మేస్త్రి పేరు పక్కన పచ్చగుర్తు, దొంగ మేస్త్రి పేరు పక్కన ఎర్రగుర్తు. సెల్లులో ఆ పేరు కొట్టి చూసుకుని బస్సెక్కితే చాలు. అయితే ఆ పేరు ఊళ్లకు తెలిసేదెలా? అందుకే నా దగ్గరికి వచ్చాడు.

"గోడల మీద రాయాలె మొగులన్నా. ఏండ్లకేండ్లు ఉండాలె."

"ఉండాలంటే సున్నంరంగు పనికిరాదు. ఆయిల్ పెయింట్ కావాలె. ఒక్కసారి పట్టిందంటే గోడ పడాలె గానీ పేరు పోదు," అన్నాను గొప్పగా.

ఊరూరికీ తిరిగి, ఊళ్లోకి రాగానే కనిపించే మొదటి ఇంటి గోడ అడిగి రాశాం. ఎవ్వరూ కాదనలేదు. కొందరు చాయ్ కూడా పోశారు. కంగ్టి అవతల కన్నడం మాట్లాడే ఊళ్లలో కూడా రాశాం. రెండేళ్లలో ఆ పేరు మీద జనానికి ఎంత గురి కుదిరిందంటే, పచ్చగుర్తు ఉందంటే కళ్లు మూసుకుని మూట కట్టేవాళ్లు. ఆ ఎండాకాలానికి ముందు వానాకాలంలో స్తెఫను డెంగీ జ్వరంతో చచ్చిపోయాడు. ఏడ్చాం, పాతిపెట్టి వచ్చాం. పేజీ మాత్రం అలాగే ఉంది. సంఘం వాళ్లూ ఉండనీలే అన్నారు. గోడ మీద రాసిన పేరు ఎక్కడికి పోతుందని మా ధీమా.

శ్రీను వెళ్లాక రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి ఉమారాణితో నవ్వుతూనే మాట్లాడాడు. రెండోసారి నాతో. గొంతు తక్కువ చేసి మాట్లాడుతున్నాడు.

"ఇది బాగలేదన్నా. పగలు లేదు, రాత్రి లేదు, పైపులు ఎత్తుడే. పోతనంటే సంచి గుంజుకున్నరు. సెల్లు గూడ గుంజుకుంటరు ఇగ. స్తెఫను ఉంటే దీనికి ఎర్రగుర్తు పెడుతుండె."

"పచ్చగుర్తు ఉన్నదంటివి గదరా!"

"ఉండె అన్నా. అదే సమజయితలేదు."

"ఏ ఊరు చెప్పు, నేనొస్త."

"బండి రోజొక ఊరు తిరుగుతది అన్నా. ఏం చెప్పాలె?"

అంతే, తర్వాత ఫోను మోగలేదు. ఉమారాణి అదే నంబరు కొడుతూనే ఉండేది. రొట్టెలు చేస్తూ ఒక చేత్తో, నీళ్లు పడుతూ ఒక చేత్తో. స్విచ్ఛాఫ్ అని చెప్పే ఆడగొంతు మా ఇంట్లో ఇంకో మనిషైపోయింది.

స్తెఫను దుకాణం ఇప్పుడు భాస్కర్ నడుపుతున్నాడు. వాడి దగ్గరికి పోయి పేజీ తీయమన్నాను. వాడు చూసి, కిందికి జరిపి, పైకి జరిపి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మొగులన్నా, ఇది మన పేజీ కాదే."

"పేరు అదే గదా?"

"పేరు అదే. పెట్టిన మనిషి వేరే."

"అదెట్ల? నేను గోడ మీద రాసినోన్ని బతికే ఉన్న!"

భాస్కర్ ఓపిగ్గా చెప్పాడు. ఇంటర్నెట్‌లో పేరు కొనుక్కోవడం ఉండదట. ఏడాదికోసారి కిరాయికి తీసుకోవడమేనట. గడువు దగ్గరపడితే తీసుకున్నవాడి సెల్లుకు, మెయిలుకు కబుర్లు వస్తాయి. పలక్కపోతే కొన్నాళ్లు చూస్తారు. ఆ తర్వాత ఆ పేరును వదిలేస్తారు. ప్రపంచంలో ఎవడైనా తీసుకోవచ్చు. ఎవడో తీసుకున్నాడు. అవే రంగులు, అవే పచ్చగుర్తులు పెట్టాడు. అడుగున, పని కావాలంటే చెయ్యాల్సిన ఫోన్ నంబరొక్కటే వేరు.

"మల్ల స్తెఫను సెల్లుకు కబుర్లు వచ్చే ఉంటయి గదా. ఆ సెల్లేది?"

"వాళ్లమ్మ రిబ్కమ్మ దగ్గరుండాలె."

రిబ్కమ్మ ఇంటి ముందు నీడలో కూచుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి పీట జరిపింది. శ్రీను సంగతి అడిగింది, ప్రార్థన చేస్తున్నానంది. చివరికి సెల్లు మాట ఎత్తాను.

"సెల్లా? గది వానితోనే పాయె మొగులన్నా."

"అంటే?"

"పెట్టెల పెట్టినం. వాని చేతిలనే పెట్టిన. వద్దన్నోళ్లు గూడ ఉండిరి. పొద్దుమాపు దాని మీదనే ఉంటుండె గదా, అది లేకుంటె ఎట్ల పండుకుంటడు అన్న. మట్టి పోసేటప్పుడు ఒకసారి మోగింది గూడ. పోయిన సంగతి తెల్వక ఎవలో చేసిండ్రు అనుకున్న." ఆమె చేతిలోని గింజను పక్కన వేసి నా ముఖంలోకి చూసింది. "ఎందుకడుగుతున్నవ్? ఏమన్న తప్పయిందా?"

ఏం చెప్పాలి? పేరు పోతోంది, పోతోంది అని నెలల తరబడి కబుర్లు వచ్చినా, అందుకునే సెల్లు మట్టి కింద ఉందని చెప్పనా? కన్నతల్లి కొడుకు చేతిలో వాడికిష్టమైన వస్తువు పెట్టింది. దాన్ని తప్పు అనేవాడి నోరు పడిపోవాలి.

"లే, తప్పేం లే," అన్నాను. "ఊరికెనే అడిగిన."

వెనక్కి వచ్చేటప్పుడు సైకిల్ ఎక్కలేకపోయాను. నడిపించుకుంటూనే ఇంటికొచ్చాను.

ఒక మధ్యాహ్నం, ఎండ చిటపటలాడుతుంటే, మా సందులోకి అంబులెన్సు వచ్చింది. డ్రైవరు తలుపు తీసి దిగి, మా గోడ వైపు చూసి, కన్నడం కలిసిన తెలుగులో "నీలి అక్షరం ఉన్న మనె, అదే ఇల్లు, ఇదే గదా?" అని అడిగాడు. అక్కడి కూలీలెవరో గోడ గుర్తు చెప్పి పంపారట. లోపల మా శ్రీను శవం. పైపు జారి మీద పడిందట. మేస్త్రి ఎక్కడని అడిగితే, బండి వేరే ఊరికి వెళ్లిపోయిందన్నాడు. అంతకు మించి అతనికేమీ తెలీదు. మంచినీళ్లు తాగి, వాడి సంచి ఇచ్చి వెళ్లిపోయాడు.

మణెమ్మ గుండెలు బాదుకుంది. ఉమారాణి ఏడవలేదు, దగ్గర కూచుని వాడి చెయ్యి తీసుకుని గోళ్లు చూస్తోంది. ఎంత తోమినా మా ఇద్దరి గోళ్లలో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. కూరలో రంగు కలుస్తోందని ఆమె వాణ్ణి రోజూ సాధించేది. ఇప్పుడు గోళ్ల నిండా బూడిదరంగు మట్టి. ఆమె పిన్నుతో ఒక్కొక్క గోరులోంచీ దాన్ని తీసింది. అందరూ టైమవుతోందంటున్నా వినలేదు.

దినాలయ్యాక ఠాణాకు పోయాం. ఎస్సై కూచోబెట్టే మాట్లాడాడు. "ఎవల మీద పెట్టాలె కేసు? నంబరు బందయింది. ఆ పేజీ ఎవలిదో ఒక్కటి దొరుకనీ, ఎక్కడున్నా గుంజుకొస్త," అన్నాడు. భాస్కర్ వెతికాడు. ఆ పేరు ఎవడి దగ్గరుందని చూస్తే, పేరు తీసుకున్నవాడి వివరాల చోట 'దాచబడినది' అని మాత్రమే ఉంది. పేరేమో నా గోడల మీద బట్టబయలుగా ఉంది. దాని యజమాని మాత్రం దాక్కున్నాడు.

సౌందర్య అనే అమ్మాయి సంఘం ద్వారా మా ఇంటికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఇంటర్నెట్ వాడే మామూలు జనం తరఫున పనిచేసే సంస్థట. ఇంటర్నెట్ పేర్ల నియమాలు పెద్ద పెద్ద సభల్లో తయారవుతాయట. పేర్లు అమ్మే కంపెనీలు వస్తాయి, సర్కార్లు వస్తాయి, మామూలు వాడకందార్లకు కూడా ఒక కుర్చీ వేస్తారట. హైదరాబాద్‌లో అలాంటి మీటింగ్ ఉంది, వచ్చి మీ మాట చెప్పండి అంది.

"చెప్తే ఆ పేరెవలిదో తెలుస్తదా?"

ఆ అమ్మాయి తల వంచుకుంది. "అడగొచ్చు," అంది.

పోయాను. ఉమారాణే ఇస్త్రీ చొక్కా ఇచ్చి పంపింది. "ఒక్కటే అడుగు బావా. ఎవడని అడుగు," అంది. పెద్ద హోటలు, ఒళ్లు వణికే ఏసీ. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. 'ఇంటర్నెట్ పేర్ల పాలనలో సామాన్యుడి గొంతు' అని తెలుగులో కూడా రాసి ఉంది. అక్కడ కూడా నా కళ్లు శ్రీను పని కోసమే వెతికాయి. 'గొంతు'లోని సున్నా పక్కకు ఒరిగి ఉంది. శ్రీను చూస్తే పగలబడి నవ్వేవాడు.

నా వంతు వచ్చింది. బెల్లు మోగేలోపల చెప్పాలన్నారు. చెప్పాను. స్తెఫను, గోడలు, పెట్టెలో సెల్లు, బోరు బండి, అన్నీ. సౌందర్య పక్కన నిలబడి ఇంగ్లిషులో చెప్పింది.

"నేనడిగేది రెండే," అన్నాను. "ఒక పేరు ఇంకొకనికి ఇచ్చేముందు, ఆ పేరు నమ్ముకున్న ఊళ్లల్ల ఒక్కసారి అడుగుండ్రి. చచ్చినోని సెల్లుకు చెప్పి ఊకోకుండ్రి. రెండోది, ఇప్పుడు ఆ పేరు పట్టుకున్నోడు ఎవడో నాకు చెప్పుండ్రి."

చప్పట్లు కొట్టారు. ఒకామె కళ్లు తుడుచుకుంది. వాళ్లు చెడ్డవాళ్లని నేననను. ఆ పేరు మీదేననడానికి ఆధారం ఏముంది అని అడిగారు. గోడలున్నాయి అన్నాను. ఎవ్వరూ నవ్వలేదు, రాసుకున్నారు. తర్వాత వేదిక మీది తెల్లజుట్టాయన మెత్తగా చాలాసేపు మాట్లాడాడు. సౌందర్య నా చెవి దగ్గర చెప్పింది.

"పేరు తీసుకున్నవాళ్ల వివరాలు బయటపెట్టకూడదని నియమం ఉందంటున్నారు. మామూలు మనుషుల ఇళ్ల అడ్రసులు, ఫోన్ నంబర్లు దొంగల చేతిలో పడకుండా కాపాడడానికే ఆ నియమం పెట్టారట."

"మామూలు మనుషులంటే ఎవలు బిడ్డా?"

"మనమే," అంది.

బెల్లు మోగింది. అందరూ కలిసి ఫోటో దిగారు. నన్ను మధ్యలో నిలబెట్టారు. బస్టాండు దాకా సౌందర్య నాతోపాటు వచ్చింది. నా మాట రిపోర్టులో వస్తుంది, రిపోర్టు ఇంకో సభకు పోతుంది అని చెప్పింది. నియమం మారాలంటే ఏళ్లు పడుతుందని కూడా దాచకుండా చెప్పింది.

"మన ఓటు ఎంతుంటది ఆడ?"

"ఓటు కాదు మొగులయ్యగారూ. సలహా."

ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. అబద్ధం చెప్పి పంపితే వచ్చేది. ఇంటికొచ్చేసరికి ఉమారాణి గుమ్మంలోనే ఉంది. నా ముఖం చూసి కాళ్లకు నీళ్లిచ్చింది.

మర్నాటి నుంచి సున్నం బకెట్టు సైకిలుకు తగిలించుకుని ఊళ్లు పట్టుకున్నాను. రాసిన గోడలన్నీ నాకు గుర్తే. చెరపడానికి కూడా అడిగే చెరిపాను. కొందరు అర్థం చేసుకున్నారు. కంగ్టి దగ్గర ఒక ముసలమ్మ మాత్రం కర్ర పట్టుకుని అడ్డం నిలబడింది. "మంచిగున్న గోడను పాడు జేస్తవా? నా మనుమడు గా పేరు సూసుకునే పనికి పోయి మంచిగొచ్చిండు." ఆమెకు నచ్చజెప్పేసరికి పొద్దు వాలింది. సున్నం పూస్తుంటే నా చెయ్యి ప్రతి అక్షరం దగ్గరా ఆగేది. గీత నాదే అయినా కనబడేదంతా వాడు నింపిన రంగే.

మా ఇంటి గోడ ఒక్కటి మిగిలింది. రేపు, రేపు అని దాటేస్తున్నాను. ఒకరోజు ఉమారాణే బకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఊరోళ్లవన్నీ తుడిచినవ్. మనది ఎందుకు విడిచినవ్ బావా?"

"వాడు నింపిన రంగమ్మా అది."

"ఎరుకనే," అంది. నిలబడి చూసింది నేను పూసిందాకా.

మృగశిర కార్తె మొదటి వాన దంచి కొట్టింది. తెల్లారి తలుపు తీస్తే, సున్నమంతా కారి గోడ కింద తెల్లటి మడుగు కట్టింది. పైన నీలం అక్షరాలు. ఎండాకాలపు దుమ్ము కూడా కడుక్కుపోయి, నిన్న రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. గోడ పడాలి గానీ పేరు పోదని స్తెఫనుతో గొప్పలు పోయింది నేనే. పొద్దెక్కేసరికి ఊళ్లనుంచి ఫోన్లు మొదలయ్యాయి. "మొగులన్నా, నీ పేరు మల్ల లేసింది." భాస్కర్ పరుగెత్తుకొచ్చాడు. పేజీలో అడుగున కొత్త నంబరు పెట్టారట, సిర్గాపూర్ నుంచి ఎవరో అప్పుడే దానికి ఫోన్ చేశారట.

అరుగు మీద కూలబడ్డాను. "ఉలి పెట్టి చెక్కుదాం," అన్నాడు భాస్కర్. ఎన్ని గోడలని చెక్కడం? ఎవరి ఇల్లని పడగొట్టడం? నోటికొచ్చినట్టు తిట్టాను. వానను తిట్టాను, పెయింటును తిట్టాను, ఆ హోటల్లో చప్పట్లు కొట్టినవాళ్లందర్నీ తిట్టాను. శ్రీనునూ తిట్టాను. అప్పుడు ఏడుపొచ్చింది.

ఉమారాణి లోపలికి పోయి డబ్బా తెచ్చింది. శ్రీను కడిగి నిలబెట్టిన బ్రష్షులు, వాడు బయలుదేరిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"గీ పేరు పోదు బావా. పోకుంటే పోకపాయె. దాని కింద రాయి."

"ఏమని?"

ఆమె చెప్పింది. నేను గోడ తుడిచి, చాక్‌పీసు తీసుకుని గీశాను. నీలం పేరు కింద, అంతకంటే పెద్ద అక్షరాలు, తెలుగులో. 'ఈ పేరును నమ్మి పోయి మా శ్రీను సచ్చిండు. మీరు పోకుండ్రి.' నా బతుకులో ఎన్నడూ మాట్లాడే మాటను మాట్లాడినట్టు గోడ మీద రాయలేదు. ఎర్రరంగు కలిపి ఇచ్చాను. వెనకనుంచి ఆమె నింపుకుంటూ వచ్చింది.

ఆ రోజు నుంచి ఇద్దరం మళ్లీ ఊళ్లు తిరిగాం. ఆమెకు చెయ్యి తిరగలేదు. గీత దాటి రంగు బయటికి వస్తుంది, చుక్కలు కిందికి కారతాయి. నేను ఏమీ అనలేదు.

కంగ్టి అవతల చివరి ఊళ్లో రాస్తుండగా, ఆటో కోసం మొగుడూ పెళ్లాం మూటలతో వచ్చి నిలబడ్డారు. అతను సెల్లులో నంబరు నొక్కుతున్నాడు. ఆమె గోడ మీది అక్షరాలు కూడబలుక్కుని చదువుతోంది. మేము ఇంకా 'పోకుండ్రి' దగ్గరే ఉన్నాం. దుమ్ము లేపుకుంటూ ఆటో వచ్చింది. అతను మూట ఎత్తుకున్నాడు. ఆమె కదల్లేదు.

"శ్రీను అంటే ఎవలక్కా?" అని అడిగింది.

ఉమారాణి బ్రష్షు ఆపలేదు, వెనక్కి తిరగలేదు.

"పైన నీలం రంగు నింపినాయన," అంది. "మా ఆయననే."

ఆమె మూట కిందికి దించింది. మొగుడు ఏదో అరిచాడు. ఆటోవాడు హారన్ కొట్టి, కొట్టి, ఖాళీగా వెళ్లిపోయాడు. నేను తర్వాతి అక్షరం గీశాను.